విదేశీ స్టూడియో మైకు మరమ్మతు: హైదరాబాదులో తరచుగా అడిగే ప్రశ్నలు

యూసఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు చిన్న డబ్బింగ్ గదులు నడిపేవారు, ఇంట్లో ఒక గదికి దుప్పట్లు వేలాడదీసి పాటలు పాడుకునేవారు, ఆడియో పుస్తకాలు చదివేవారు... వీరందరి సందేహాలూ ఇంచుమించు ఒకటే. వాన పడ్డ మర్నాడు ఒక ప్రశ్న, కరెంటు పోయి వచ్చాక ఇంకో ప్రశ్న. అందుకే అన్నింటినీ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను: ఖరీదైన మైకులను అసలు లోపం కంటే తొందరపడిన స్క్రూడ్రైవరే ఎక్కువగా పాడుచేస్తుంది.

## మైకు నిజంగా పాడైందా?

మైకు నుంచి శబ్దమే రావడం లేదు. పోయినట్టేనా?

అప్పుడే ఆశ వదులుకోకండి. పోయిందనుకున్న మైకుల్లో చాలావాటికి రోగం కేబుల్‌లోనే ఉంటుంది. ముందు కేబుల్ మార్చండి. తర్వాత ఇంటర్‌ఫేస్‌లో, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో, ఇంకో చానల్‌కు మార్చండి. ఆ తర్వాత అదే చానల్‌కు వేరే మైకు తగిలించి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. అన్నీ కలిపి మారిస్తే శబ్దం వచ్చినా, దొంగ ఎవరో తేలదు.

కండెన్సర్ మైకైతే, అంటే బయటి కరెంటు కావలసిన రకమైతే, ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారానే మైకుకు అందే 48 వోల్టులు) మీట వేసి ఉందో లేదో చూడండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్ సొంత మైకును ఎంచుకుని కూర్చుందేమో కూడా చూసుకోండి. ఇవన్నీ అయ్యాక కూడా మౌనమే అయితే అప్పుడు మైకును అనుమానించాలి.

48 వోల్టులు నిజంగా అందుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

మల్టీమీటర్‌ను డీసీ వోల్టులకు తిప్పి, మైకుకు తగిలించే కొసలో, అంటే రంధ్రాలున్న కొసలో కొలవండి. 1, 2 పిన్నుల మధ్య 48 రావాలి. 1, 3 మధ్య కూడా 48 రావాలి. నాలుగు వోల్టులు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. 2, 3 మధ్య దాదాపు సున్నా ఉండాలి.

ఒకవైపు వచ్చి ఇంకోవైపు రాకపోతే కేబుల్‌లో తీగ తెగి ఉంటుంది, లేదా ఇంటర్‌ఫేస్ లోపలి 6.8 కిలో ఓముల రెసిస్టర్లలో ఒకటి పోయి ఉంటుంది. యూఎస్‌బీ శక్తి మీదే నడిచే కొన్ని చవక పరికరాలు పైన 48 అని అచ్చు వేసుకుంటాయి గాని అంత ఇవ్వవు. కొన్ని మైకులు దాన్ని సర్దుకుపోతాయి, కొన్ని మొరాయిస్తాయి. కేబుల్ కొసలో అంతా సరిగ్గా ఉండి, మైకు తగిలించాక వోల్టేజి ఎంత పడిపోతోందో చూడాలంటే అది టెక్నీషియన్ బెంచీ మీద జరగాల్సిన పని.

గొంతు దూరం నుంచి, డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంది. ఎందుకు?

మీరు మైకు వీపుకు చెబుతూ ఉండవచ్చు. పెద్ద పొర (శబ్దానికి కంపించే పలచని రేకు) ఉన్న స్టూడియో మైకులు చాలావరకు పక్క నుంచి మాట్లాడవలసినవి. సాధారణంగా కంపెనీ గుర్తు ఉన్న వైపు ముఖం. వేదిక మీద మైకులకు అలవాటుపడినవారు పైకొసలోకి మాట్లాడతారు, బాస్ అంతా మాయమవుతుంది. పికప్ నమూనా (మైకు ఏయే వైపుల నుంచి వినాలన్నది) మార్చే మీట ఉన్న మైకులో అది ఎనిమిది అంకె గుర్తు మీదో, గుండ్రటి గుర్తు మీదో ఉండిపోతే గది ప్రతిధ్వని కూడా వచ్చి కలుస్తుంది.

ఇవి రెండూ కాకపోతే కేబుల్‌లో ఒక తీగ తెగి ఉండవచ్చు, లేదా క్యాప్సూల్‌కు, అంటే ఆ పొర బిగించి ఉన్న భాగానికి, అందవలసిన వోల్టేజి అందకపోవచ్చు. మొదటిది మీరే తేల్చుకోగలరు. రెండోది తెలిసినవారు చూడాలి.

వానాకాలం మొదలవగానే చిటపటలు, ఎండ కాస్తే మాయం. ఇదేం రోగం?

హైదరాబాదులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. కండెన్సర్ మైకులో పొర ఇచ్చే సంకేతం చాలా బలహీనం. అది పక్కకు జారిపోకుండా ఉండాలంటే చుట్టూ ఉన్న ఇన్సులేషన్, రెసిస్టర్లు గిగా ఓముల స్థాయిలో అడ్డుకోవాలి. ఒక గిగా ఓమ్ అంటే వంద కోట్ల ఓములు. అలాంటి చోట దుమ్ము పేరుకుని, దాని మీద తేమ చేరితే కరెంటు ఆ తడి దుమ్ము మీదుగా కొద్దికొద్దిగా పారుతుంది. మీకు వినిపించే చిటపట అదే. ఏసీ గదిలో చల్లబడ్డ మైకును ముసురు పట్టిన రోజున బయటికి తెచ్చినా ఇదే గొడవ.

గాలి చొరబడని స్టీలు డబ్బాలోగాని, ప్లాస్టిక్ డబ్బాలోగాని సిలికా జెల్ పొట్లాలు వేసి మైకును ఒకటి రెండు రోజులు ఉంచండి. చిటపట పోతే తేమ అని తేలినట్టే. హెయిర్ డ్రయ్యర్ పట్టకండి, మేడ మీద ఎండబెట్టకండి. పొర మందం చాలా మైకుల్లో ఆరు మైక్రాన్ల దగ్గర ఉంటుంది, వేడికి సాగితే మళ్లీ బిగుసుకోదు.

ఒక్కసారి వచ్చి పోతే కంగారు అక్కర్లేదు. ప్రతి ముసురుకూ తిరిగి వస్తుంటే మాత్రం లోపల మురికి పేరుకుందని అర్థం. డబ్బాలో పెట్టి నెట్టుకురాకుండా శుభ్రం చేయించడమే దారి.

గుయ్యిమనే హమ్ వస్తోంది. మైకును ముట్టుకుంటే మారుతోంది.

ముట్టుకున్నప్పుడు మారితే, మైకు లోహపు ఒంటికీ 1వ పిన్నుకూ మధ్య అతుకు ఊడి ఉంటుంది, లేదా కేబుల్ షీల్డు (తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక) తెగి ఉంటుంది. చిన్న పనే.

ముట్టుకున్నా మారకపోతే మైకును వదిలి ఇంటిని చూడండి. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. హమ్ ఆగితే కారణం దొరికింది. అద్దె ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గాని వెనక ఎర్త్ తీగ ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారినప్పుడే గుయ్యిమంటే, అది చదరపు తరంగం ఇచ్చే పాత రకం ఇన్వర్టర్ అయి ఉంటుంది. ఫ్యాను రెగ్యులేటరు, వెలుతురు తగ్గించే డిమ్మరు కూడా ఈ పాపంలో భాగస్వాములే.

ఎస్‌ఎం7బీ కొన్నాను. శబ్దం చాలా తక్కువ. లోపమున్నది అంటగట్టారా?

లేదు, ఆ మైకు స్వభావమే అంత. షూర్ ఎస్‌ఎం7బీ డైనమిక్ మైకు, అంటే అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే రకం, దాని సంకేతం బలహీనం. కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) కావాలని తయారీదారే చెబుతాడు. చవక ఇంటర్‌ఫేస్ అంత ఇవ్వలేదు, ఇచ్చినా హోరుతో కలిపి ఇస్తుంది. మరమ్మతుకు తిరిగే ముందు ఎవరి దగ్గరైనా మంచి ప్రీఆంప్‌తో (సంకేతాన్ని పెంచే పరికరంతో) ఒక్కసారి విని చూడండి.

మాట ఆపినప్పుడు సన్నని హోరు వినిపిస్తోంది. లోపమేనా?

ప్రతి కండెన్సర్ మైకుకూ సొంత హోరు కొంత ఉంటుంది. న్యూమన్ యూ 87 ఏఐకి అది 12 డెసిబెల్స్, రోడ్ ఎన్‌టీ1 ఐదో తరానికి 4. అంటే ఎన్నో రెట్లు ఖరీదైనది ఎక్కువ హోరు ఇస్తుందన్నమాట, ధర చూసి దీన్ని అంచనా వేయలేం. ఫ్యాను, ఫ్రిజ్, ఏసీ ఆపి, అర్ధరాత్రి దాటాక ఒకసారి వినండి. ఇదివరకు లేని హోరు కొత్తగా వచ్చి, రోజురోజుకూ పెరుగుతుంటే అప్పుడు లోపమే.

కింద పడింది. పని చేస్తోంది. అయినా చూపించాలా?

మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. ఇంతకు ముందు లేని గలగల వినిపిస్తే వాడకం ఆపేయండి. పెద్ద పొర మైకుల్లో క్యాప్సూల్ ఒక చిన్న ప్లాస్టిక్ కాడ మీద నిలబడి ఉంటుంది, దెబ్బకు అక్కడ పగులు వస్తుంది. డైనమిక్ మైకులో తీగచుట్ట పక్కకు ఒరిగి గీరుకుంటుంది, హెచ్చు స్వరంలో గొంతు చీలినట్టు వినిపిస్తుంది. గలగలా లేక, చీలికా లేకపోతే వాడుకోండి. కంగారుపడి విప్పించవద్దు.

## మరమ్మతుకు ఇచ్చే ముందు

జాలీ విప్పి నేనే శుభ్రం చేయవచ్చా?

డైనమిక్ మైకు జాలీ విప్పి, విడిగా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించుకోవచ్చు. కండెన్సర్ జోలికి మాత్రం వెళ్లకండి. బంగారు రేకులా మెరిసే ఆ పొర మీద మచ్చ కనిపించగానే తుడవాలని చేయి లాగుతుంది. గుడ్డ, దూది, స్పిరిటు, నోటితో ఊదడం, డబ్బాలోని గాలి కొట్టడం: ఒక్కటీ పనికిరాదు. ప్లాస్టిక్ పొర మీద అతి పలచగా బంగారం పూసి ఉంటుంది. రాస్తే బంగారం వస్తుంది, మురికి ఉండిపోతుంది.

పొర మీద మచ్చలున్నా మైకు బాగానే పాడవచ్చు. చూడటానికి బాగాలేదన్నది శుభ్రం చేయించడానికి కారణం కాదు.

లోపలి స్పాంజి పొడిపొడిగా రాలుతోంది. ఏం చేయాలి?

జాలీ లోపల నురుగు పొర ఉన్న మైకుల్లో కొన్నేళ్లకు అది జిగటగా మారి రాలుతుంది, ఆ పొడి క్యాప్సూల్ మీద పడుతుంది. మైకును తలకిందులుగా వేలాడదీసి ఉంచండి, కదిలించకండి. జాలీ వేరుచేసి కొత్త నురుగు వేయించడం చౌకలో అయ్యే పని, ఆలస్యం చేస్తేనే ఖరీదు.

బియ్యం డబ్బాలో పెడితే తేమ పోతుందా?

బియ్యం కంటే బియ్యపు పిండే ముందు లోపలికి పోతుంది. సిలికా జెల్ కొనుక్కోండి. రంగు మారే రకమైతే ఎప్పుడు ఆరబెట్టాలో అదే చెబుతుంది.

అమెరికాలో ఉన్న మా బావగారు తెచ్చారు. వారంటీ ఇక్కడ చెల్లుతుందా?

ఎక్కువ సందర్భాల్లో కొన్న దేశంలోనే చెల్లుతుంది. ఇక్కడి పంపిణీదారు తాను దిగుమతి చేసిన సరుకు వరుస సంఖ్యలే చూస్తాడు. కంపెనీకి నేరుగా ఈమెయిల్ రాస్తే కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి, అడగడంలో తప్పు లేదు. కొన్న బిల్లు బావగారి పేరు మీదే ఉంటుంది కాబట్టి దాని ప్రతి ముందే తెప్పించుకోండి. ఆన్‌లైన్‌లో ఇక్కడే కొన్నా, అమ్మినవారు పక్కదారి దిగుమతిదారు అయితే పరిస్థితి ఇంతే.

ఇంకో మాట. ఫాంటమ్ పవర్‌తో నడిచే మైకుకు ఏ దేశమైనా ఒకటే. ట్యూబు మైకుతో (లోపల పాతకాలపు వాల్వు ఉండే రకంతో) వచ్చే పవర్ డబ్బా వేరు. అమెరికా నుంచి వచ్చినదైతే వెనక మీట 115 మీద ఉంటుంది. మన 230 వోల్టులకు అలాగే తగిలిస్తే ఫ్యూజు పోవడం అదృష్టం, ట్రాన్స్‌ఫార్మరు కాలడం మామూలు.

అసలుదో నకిలీదో ముందే తెలుసుకోవచ్చా?

షూర్ ఎస్‌ఎం58కి నకిలీలు కొల్లలు. అసలుది 298 గ్రాములు, వంటింటి త్రాసు మీద పెట్టినా తేడా తెలుస్తుంది, నకిలీ చాలావరకు తేలిగ్గా ఉంటుంది. యూ 87 నకిలీలు బరువులో కూడా మోసం చేస్తాయి, వాటిని లోపల సర్క్యూట్ చూసి తేల్చాలి. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, పరిచయస్తుడి దగ్గరో బేరానికి కొన్నదైతే మరమ్మతు అంచనా అడగక ముందే ఈ సంగతి తేల్చుకోండి. నకిలీ మైకుకు అసలు క్యాప్సూల్ వేయించినవారు కూడా ఉన్నారు. డబ్బు ఎవరిది వారిష్టం.

వెళ్లేటప్పుడు ఏమేమి తీసుకెళ్లాలి?

మైకు, మీరు వాడే కేబుల్, లోపం వినిపించే రికార్డింగ్. అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది. దుకాణంలోకి వెళ్లగానే లోపం దాక్కుంటుంది, రోగి డాక్టరు ముందు కూర్చోగానే నొప్పి తగ్గినట్టు. ఫోనులో రికార్డింగ్ ఉంటే వాదన ఉండదు. ఎప్పుడు వస్తోంది, మైకు వేడెక్కాకా, వెలిగించగానేనా, వాన రోజునా అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి.

## ఎవరికి ఇవ్వాలి?

కోఠి గుజరాతీ గల్లీలో ఇస్తే సరిపోతుందా?

దేనికి అన్నదాన్ని బట్టి. కనెక్టరు మార్చడం, కేబుల్‌కు టంకం వేయించడం, ఆంప్లిఫయరు, స్పీకరు, మిక్సరు వంటి పనులకు గుజరాతీ గల్లీని మించిన చోటు ఊళ్లో లేదు. సుల్తాన్ బజార్ మెట్రోలో దిగి నడిచి వెళ్లవచ్చు, ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్లు (మైకు కేబుల్‌కు ఉండే మూడు పిన్నులవి), తీగలు, చిన్న విడిభాగాలు అక్కడే దొరుకుతాయి.

కండెన్సర్ క్యాప్సూల్ పని వేరు. గల్లీలో చేతులకు నైపుణ్యం తక్కువని కాదు, వాతావరణం అనువైనది కాదు. రద్దీ వీధి దుమ్ము, పక్క బెంచీ మీద ఆకురాయి పట్టినప్పుడు లేచే ఇనుప రజను, టంకం పొగ. డైనమిక్ మైకును విప్పి అక్కడ పెడితే దాని అయస్కాంతం ఆ రజనును పీల్చుకుంటుంది. కంటికి కనపడనంత ముక్క తీగచుట్ట సందులో ఇరుక్కుంటే చాలు, ఇక గరగరే. మైకు విప్పకుండా అయ్యే పనికి గల్లీకి వెళ్లండి, విప్పాల్సిన పనికి ఇంకోచోట చూడండి.

కంపెనీ సర్వీసు సెంటరా, బయటి టెక్నీషియనా?

వారంటీ ఉంటే రెండో ఆలోచన వద్దు, కంపెనీయే. బయట ఒక్క స్క్రూ విప్పినా వారంటీ పోయిందనే అవకాశం ఇచ్చినట్టే. వారంటీ లేని కొత్త మైకులకు కంపెనీ కేంద్రాలు చాలాసార్లు బోర్డు మొత్తం మార్చేస్తాయి, భద్రమేగాని ఖరీదు. పాత మైకులకు అనుభవమున్న టెక్నీషియన్ నయం: పోయిన ఒక్క కెపాసిటరును వెతికి మారుస్తాడు.

హైదరాబాదులో అలాంటివారికి బోర్డులుండవు. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ వైపు పాత రికార్డింగ్ థియేటర్లలో పనిచేసే సౌండ్ ఇంజినీర్లను అడగండి, ఫలానా ఆయన దగ్గరికి వెళ్లండని పేరు వాళ్లే చెబుతారు. ఆకాశవాణిలో పనిచేసి రిటైరైన ఇంజినీర్లు ఎవరైనా పరిచయముంటే ఇంకా మంచిది. కొందరు పనిని చెన్నైకో ముంబైకో పంపమంటారు. అది తప్పించుకోవడం కాదు, నిజాయితీ.

పని తెలిసిన మనిషని ఎలా గుర్తుపట్టాలి?

మైకు విప్పక ముందే ప్రశ్నలు అడుగుతాడు. ఏ ఇంటర్‌ఫేస్, ఏ కేబుల్, ఏ గది అంటాడు. మీ ముందు వేరే కేబుల్‌తో విని చూస్తాడు. ఇక చేతులు చూడండి. క్యాప్సూల్ దగ్గరి గాజు ఒంటి రెసిస్టరును, తెల్లటి టెఫ్లాన్ కాళ్లను వేళ్లతో పట్టుకునేవారికి ఇవ్వకండి. వేలిముద్రలోని ఉప్పు, నూనె ఆ రోజు ఏమీ చేయవు. మైకు బాగైందని ఇంటికి తెచ్చుకుంటారు, మొదటి వానకు ఆ వేలిముద్ర మీదుగానే చిటపట మొదలవుతుంది. పట్టుకారుతో పట్టి, టంకం వేశాక ఫ్లక్సు మరకను శుభ్రం చేసే మనిషి అయితే నిశ్చింతగా ఇవ్వండి.

మీరు నోరు తెరవకముందే క్యాప్సూల్ మార్చాలి అనేవారికి నమస్కారం పెట్టి బయటికి రండి.

ట్యూబు మైకును ఎవరైనా చూడగలరా?

పాత వాల్వు రేడియోలు, గిటారు ఆంప్లిఫయర్లు బాగుచేసినవారు చూడగలరు. లోపల వంద వోల్టులకు పైగా ఉంటుంది, ఆపేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. ఇంట్లో పవర్ డబ్బా మూత తీయడం అసలు వద్దు. చాలాసార్లు పోయేది ట్యూబు, లేదా ఏడు పిన్నుల కేబుల్. రెండూ మార్చుకోగలిగినవే.

రిబ్బన్ మైకు గొంతు మందగించింది. ఫాంటమ్ వేసినందుకేనా?

సరైన కేబుల్‌తో అయితే సంప్రదాయ రిబ్బన్ మైకుకు ఫాంటమ్ హాని చేయకూడదు, రెండువైపులా సమానంగా అందుతుంది కాబట్టి. తీగ తెగిన కేబుల్, తప్పుగా అతికిన కేబుల్, ప్యాచ్ బే (కేబుళ్లు మార్చి మార్చి తగిలించే పలక) ఉన్నచోట ఆ సమానత్వం చెడి రిబ్బన్ సాగిపోతుంది. రిబ్బన్ మీదకు ఊదినా, మైకును గాలిలో విసురుగా తిప్పినా అంతే. కొన్ని మైక్రాన్ల అల్యూమినియం రేకు అది. కొత్త రేకు వేసి, సరిగ్గా బిగించగలిగేవారు దేశంలోనే కొద్దిమంది. తయారీదారుకు రాయడమే మొదటి మార్గం.

యూఎస్‌బీ మైకు సంగతి?

పోర్టు వదులైతే మొబైల్ బోర్డుల పనివారు చక్కగా మార్చగలరు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఇది రోజువారీ పని. లోపలి చిప్ పోతే వదిలేయండి.

పాత న్యూమన్, ఏకేజీ మైకులకు విడిభాగాలు దొరుకుతాయా?

న్యూమన్ 1928లో బెర్లిన్‌లో మొదలై, 1991 నుంచి సెన్‌హైజర్ చేతిలో ఉంది. యూ 87 వంటివాటికి భాగాలు ఇప్పటికీ వస్తాయి. అడిగేటప్పుడు మోడలు స్పష్టంగా చెప్పండి: 1967లో వచ్చిన యూ 87, 1986లో వచ్చిన యూ 87 ఏఐ పైకి కవలల్లా ఉన్నా లోపలి సర్క్యూట్లు వేరు. దీనికి దాని భాగం వేస్తే స్వరం మారిపోతుంది.

ఏకేజీ కథ వేరు. 1947లో వియన్నాలో పుట్టిన ఆ కంపెనీ అక్కడి పనిని 2017లో మూసేసింది. పేరు హార్మన్ దగ్గర ఉంది. అక్కడి పాత ఉద్యోగులు ఆస్ట్రియన్ ఆడియో పేరుతో వేరే కంపెనీ పెట్టుకున్నారు. పాత సీ 414 రకాలకు బయటి నిపుణులే ఎక్కువగా దిక్కు. ఇక న్యూమన్ యూ 47లోని వీఎఫ్14 ట్యూబు తయారీ ఆగిపోయి దశాబ్దాలైంది. దొరికినా దాని ధరకు మంచి కొత్త మైకు వస్తుంది.

## మరమ్మతు సాగుతుండగా

అంచనా ఎక్కువ చెప్పారు. కొత్తది కొనడమే నయమా?

అదే మైకు సెకండ్‌హ్యాండ్‌లో బాగున్నది ఎంతకు వస్తుందో ముందు చూడండి. మరమ్మతు అందులో సగం దాటితే నేనైతే ఆగుతాను. చవక మైకులకు ఈ లెక్కతో మరమ్మతు దాదాపు ఎప్పుడూ గిట్టదు. పెద్ద మైకులకు దాదాపు ఎప్పుడూ గిట్టుతుంది. గొంతుకు అలవాటైన మైకు, సగంలో ఉన్న ధారావాహిక డబ్బింగ్ వంటి సందర్భాల్లో లెక్క మారుతుంది. స్వరం అతకకపోతే మొదటి నుంచి చెప్పాలి కదా.

లోపలి భాగాలు మార్చేసుకుంటారేమోనని భయం.

భయం అనవసరమేమీ కాదు. ఇచ్చేటప్పుడు వరుస సంఖ్య కనిపించేలా ఫోటో తీయండి. రసీదు మీద మోడలు, వరుస సంఖ్య, చెప్పిన లోపం, అంచనా, ఇచ్చే తేదీ రాయించుకోండి. విప్పినప్పుడు లోపలి ఫోటో పంపమని అడగండి, పని తెలిసినవారు తమకోసమైనా తీసుకుంటారు. మార్చిన పాత భాగాలు తిరిగి ఇమ్మని మొదటే చెప్పండి. తర్వాత అడిగితే చెత్తబుట్టలో పోయాయంటారు.

ఒరిజినల్ దొరకదు, చైనా క్యాప్సూల్ వేస్తానంటున్నారు. ఒప్పుకోవచ్చా?

చైనాదన్నంత మాత్రాన చెడ్డది కాదు, కొన్ని బాగానే ఉంటాయి. ఏ రకం క్యాప్సూల్‌కు బదులుగా ఏ రకం వేస్తున్నారన్నదే ప్రశ్న. ఆ సర్క్యూట్‌కు కుదరనిది వేస్తే స, శ, ష అక్షరాలు కోసినట్టు వినిపిస్తాయి. ఒప్పుకుంటే పాత క్యాప్సూల్ జాగ్రత్తగా తిరిగి తీసుకోండి. అమ్మాలనుకున్నప్పుడు మార్చిన సంగతి కొనేవారికి చెప్పడం మర్యాద.

నెలలు గడిచినా ఇవ్వడం లేదు, లేదా ఇంకా చెడగొట్టి ఇచ్చారు. ఎక్కడ చెప్పుకోవాలి?

ముందు రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్ సందేశమైనా సరే, తేదీ ఉంటుంది. ఒక గడువు పెట్టండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. చాలా గొడవలు అక్కడే తెగుతాయి.

తెగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. మీరు ఉండే జిల్లాలోనే వేసుకునే వీలుంది, దుకాణం వేరే ఊళ్లో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. గొడవ మొదలైన 2 ఏళ్లలోగా వేయాలి. రసీదు లేకపోతే ఇవన్నీ మాటలుగానే మిగులుతాయి. అందుకే తెలిసిన కుర్రాడే, బాగోదు అని రసీదు అడగడం మానవద్దు.

## విదేశానికి పంపాల్సి వస్తే

తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ మొత్తం సుంకం కట్టాలా?

మరమ్మతు కోసమే వెళ్లి వచ్చిందని నిరూపిస్తే అక్కర్లేదు. మరమ్మతు ఖర్చు, రానుపోను రవాణా, బీమా మొత్తం మీదనే సుంకం వేస్తారు. నిరూపించడం మీ బాధ్యత. అందుకే పంపేటప్పుడే పత్రాల్లో మరమ్మతు చేసి తిరిగి పంపడానికి అని రాయించాలి, వరుస సంఖ్య ప్రతి కాగితం మీదా ఉండాలి. మామూలు పార్సిల్‌లా, బహుమతి అని రాసి పంపితే తిరిగి వచ్చేటప్పుడు అది కొత్త దిగుమతే. కొరియర్ కౌంటరులో ఈ పద్ధతి తెలియని సిబ్బంది ఉంటే, ఎగుమతి పత్రాలు చూసే ఏజెంటు ద్వారా వెళ్లడం మంచిది.

మా అమ్మాయి అమెరికా వెళ్తోంది. తనతో పంపనా?

పంపండి, చాలామంది చేసేది అదే. శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందు కస్టమ్స్ అధికారులకు మైకు, బిల్లు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోమనండి. తిరిగి తెచ్చేటప్పుడు అది మనదేనని చెప్పడానికి ఆ కాగితమే ఆధారం. అరగంట ముందుగా బయలుదేరాలి, అంతే. చేతిసంచిలో పెట్టుకోవాలి, సామాన్లలో వేయకూడదు. ఎక్స్‌రేలో ఇనుప గొట్టంలా కనిపిస్తుంది, తీసి చూపించమంటే చూపించడానికి పైనే ఉంచుకుంటే సరి. బిడ్డ చదువుకు పెట్టుకున్న బరువులో ట్యూబు మైకు పవర్ డబ్బా కూడా మోయించడం మాత్రం అన్యాయం.

ఎలా ప్యాక్ చేయాలి?

షాక్ మౌంట్‌లోంచి (మైకును కుదుపు తగలకుండా పట్టి ఉంచే చట్రంలోంచి) మైకు తీసేయండి. పలచని ప్లాస్టిక్ సంచిలో సిలికా జెల్‌తో పాటు పెట్టి మూతి బిగించండి. దాని సొంత పెట్టె ఉంటే అందులో, లేకపోతే అచ్చుగా కోసిన నురుగులో. ఆ పెట్టెను ఇంకో పెద్ద అట్టపెట్టెలో, అన్నివైపులా నాలుగు వేళ్ల మందాన మెత్తని దిండు ఉండేలా. దూది, థర్మోకోల్ పూసలు వద్దు, పోగులూ పూసలూ జాలీలో ఇరుక్కుంటాయి. ట్యూబు ఊడివచ్చే రకమైతే విడిగా చుట్టండి. జిల్లాల నుంచి హైదరాబాదుకు ఆర్టీసీ కార్గోలో పంపేవారూ ఇదే పద్ధతి పాటించాలి. ఎవరైనా వస్తుంటే చేతికిచ్చి పంపడం ఇంకా మేలు.

## తిరిగి చేతికొచ్చాక

బాగైందని ఎలా తేల్చుకోవాలి?

డబ్బు కట్టకముందే వినాలి. ఇచ్చే ముందు ఒక వాక్యం రికార్డు చేసి ఉంచుకోండి, తిరిగి వచ్చాక అదే గదిలో, అదే దూరం నుంచి, అదే గెయిన్‌తో మళ్లీ చెప్పండి. వాక్యంలో ప, ఫ, భ లాంటి గాలి అక్షరాలు, స, శ, ష లాంటి ఈల అక్షరాలు ఉండాలి. నేను వాడేది ఇది: "భోజనానికి పప్పు, ఫలహారానికి శనగలు, సాయంత్రం సన్నజాజులు." తర్వాత ఏమీ మాట్లాడకుండా రెండు నిమిషాలు రికార్డు చేసి, హెడ్‌ఫోన్లలో శబ్దం పెంచి వినండి. చిటపట ఉంటే ఆ నిశ్శబ్దంలోనే దొరుకుతుంది.

పికప్ నమూనా మీట ఉంటే ప్రతి స్థానంలోనూ, ముందూ వెనకా మాట్లాడి చూడండి. వెనక పొర పనిచేయకపోయినా ముందు వైపు అంతా బాగానే వినిపిస్తుంది, లోపం బయటపడేది నెలల తర్వాత. పని హామీ ఎంతకాలమో బిల్లు మీద రాయించుకోండి. చలికాలంలో చేయించిన తేమ మరమ్మతుకు హామీ వానాకాలం దాటేలా అడగడం న్యాయమే.

రోజువారీగా ఎలా దాచుకోవాలి?

స్టాండు మీదే ఉంచేయాల్సి వస్తే పైనుంచి శుభ్రమైన సంచి తొడగండి. లేదా సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. కేబుల్ పీకే ముందు ఫాంటమ్ ఆపి, ఒక నిమిషం ఆగండి. పాప్ ఫిల్టరు (మైకు ముందు పెట్టే తెర) లేకుండా పాడనివ్వకండి. ఎంత పెద్ద గాయకులైనా ఉమ్మి ఉమ్మే.

శుక్రవారం స్టూడియోలో పూజ చేస్తాం. సాంబ్రాణి పొగ మైకుకు మంచిది కాదంటున్నారు, నిజమా?

నిజమే. వోల్టేజి ఉన్న పొర పొగలోని మసిని, జిడ్డును తనవైపు లాక్కుంటుంది. వారం వారం పేరుకున్న ఆ జిడ్డు మీద వానాకాలం తేమ చేరితే మరమ్మతు ఖాయం. పూజ ఆపనక్కర్లేదు. ఫాంటమ్ ఆపి, మైకును ముందే డబ్బాలో పెట్టి, పొగ పూర్తిగా పోయాక బయటికి తీయండి. అగరుబత్తి, కొబ్బరికాయ కన్సోల్‌కు (శబ్దాలు కలిపే బల్లకు) దూరంగా ఉంటే దాని మీద జరిపే ఫేడర్లూ సంతోషిస్తాయి. మైకుకు బొట్టు పెట్టాలని ఎవరైనా పట్టుబడితే స్టాండుకు పెట్టించండి.